ఈతాకు మీది పంటిగాటు

నేను ఒక ఈతాకును. లేఖనంలో నీతిమంతుణ్ణి ఖర్జూర చెట్టుతో పోల్చారు. ఆ ఖర్జూరానికి మేము పేద బంధువులం. మా వాగు గట్టున ఖర్జూరం లేదు కాబట్టి, ఈస్టరుకు వారం ముందొచ్చే మట్టల ఆదివారం నాడు ప్రభువు ఎదుట ఊగే భాగ్యం మాకు దక్కింది. ఏడాది పొడవునా మా చెట్టు కింద కల్లు తాగి భార్యల చేత తిట్లు తినేవాళ్లే, ఆ రోజు తలస్నానం చేసి మమ్మల్ని ఎత్తిపట్టుకుని హోసన్న పాడతారు. ఒకే చెట్టు రెండు దాహాలు తీరుస్తుంది. ఇందులో నవ్వడానికేమీ లేదు.

మా చెట్టుకు ఒకటే మొవ్వు, నడినెత్తిన. అది బతికితేనే చెట్టు బతుకుతుంది. కోసిన మట్టల మొదళ్లు మాను నిండా మిగిలిపోతాయి. వాటి మీదే కాలు మోపి మనుషులు పైకెక్కుతారు. కోస్తే నొప్పి పుడుతుందా అని చెట్టును ఎవరూ అడగరు. నేనూ అడగలేదు. తెగి పడేదాకా ఆకుకు చెట్టు గురించి ఆలోచన రాదు.

నేనున్న మట్ట ఇన్నయ్య చేతికి వచ్చింది. అతను మిరప రైతు, భక్తుడేం కాదు. గుళ్లో క్రీస్తు శ్రమల చరిత్ర చదువుతున్నంతసేపూ అందరూ నిలబడాలి. అది పొడుగాటి చదువు. ఇన్నయ్య కాళ్లు గుంజాయి, చేతులకు పని లేదు. నన్ను మట్టలోంచి పీకి, మడిచి, మొదలు లోపలికి దోపి, మొన పంటితో కొరికి సిలువ చేశాడు. భక్తి చేసే పనీ విసుగు చేసే పనీ ఒక్కలాగే ఉంటాయి. చేసే చేతికి కూడా తేడా తెలియదేమో.

"గుళ్లోనన్నా ఆ చేతులు ఊరుకోవా?" అంది బయటికొచ్చాక అతని భార్య శౌరమ్మ.

"నీకోసమేలేవే. మొన గుచ్చుకుంటదని కొరికేశా."

"ఆ పొగాకు నోటితోనా? ఛీ!" అని ఆమె నన్ను కొంగుతో తుడిచింది. ఇంటికి తీసుకెళ్లి మరియతల్లి పటం వెనక పెట్టింది.

వానాకాలంలో ఒక మధ్యాహ్నం ఇన్నయ్య చేలోంచి వచ్చి, గుండెల్లో పట్టేసిందని అరుగు మీద పడుకున్నాడు. మళ్లీ లేవలేదు.

అతని చొక్కాలు శౌరమ్మ పంచిపెట్టేసింది. పెళ్లి ఫొటోలో ఉన్నవాడు ఎవరో బిగుసుకుపోయిన కుర్రవాడిలా ఉన్నాడంది. నన్ను మాత్రం రోజూ పటం వెనక నుంచి తీసి, కొరికినచోట బొటనవేలితో తడిమేది. కళ్లు మూసుకుని తడిమేది. పోయినవాళ్లను తలచుకుంటున్నామని మనుషులు అనుకుంటారు. చాలాసార్లు వాళ్లు తలచుకునేది, నిన్న తలచుకున్నదాన్నే. ఈ సంగతి నా ఒంటి మీద జరుగుతోంది కాబట్టి నాకు తెలుసు. చెప్పడానికి నోరు లేదు.

ఈస్టరుకు ముందు నలభై రోజుల తపస్సు కాలం దగ్గరపడింది. దీవించిన మట్టల్ని పారేయకూడదు. వాటిని గుడికి తిరిగిస్తే, కాల్చి, ఆ బూడిదే విభూది బుధవారం నాడు నుదుట పెడతారు. గుడి పనులు చూసే ఉపదేశి రాయప్ప బుట్ట పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతూ వచ్చాడు. శౌరమ్మ లోపలికి వెళ్లి, మూలనున్న ఈతాకు చీపురులోంచి గుప్పెడు పీకి, తెచ్చి బుట్టలో వేసింది.

పక్కింట్లోంచి తోడికోడలు లూర్దమ్మ చూడనే చూసింది. రాయప్ప మలుపు తిరిగేదాకా ఆగింది.

"ఏందే శౌరమ్మా, కోళ్ల రెట్ట ఊడ్చిన చీపురు బూడిద నా మొహాన పెట్టిస్తావా?"

"పోనీలే అక్కా. నీ మొహం అంతకన్నా తెల్లగా ఉందా?"

"నవ్వులాట చాల్లే. మా మరిది చేసిన సిలువేదీ?"

శౌరమ్మ కొంగు ముడి గట్టిగా పట్టుకుంది. నేను అందులో ఉన్నాను. "ఇయ్యను. ఆయన పంటిగాటు ఉంది దాని మీద. అదీ కాల్చేస్తే, ఆయన ఉన్నాడనటానికి నాకేం మిగుల్తది?"

"ఏదీ, చూడనీ."

గుమ్మంలో ఎండ పడుతోంది. లూర్దమ్మ నన్ను అటూ ఇటూ తిప్పింది. "ఎక్కడే?"

"ఇదిగో, ఇక్కడ." శౌరమ్మ వేలు పెట్టి చూపించి, వేలు తీసింది.

అక్కడ నున్నటి గుంట తప్ప ఏమీ లేదు. గాటు అరిగిపోయి చాలాకాలమైంది. ఇన్నాళ్లూ ఆమె తడుముతున్నది తన వేలు చేసిన గుర్తునే.

లూర్దమ్మ గొంతు తగ్గింది. "ఉందిలేవే, ఉంది. నా కళ్లే మసకలు."

"లేదక్కా," అంది శౌరమ్మ. "నేనే అరగదీశా."

ఆ సాయంత్రం ఆమె ఒక్కతే గుడికి నడిచింది. రాయప్ప కుంపటి రాజేస్తున్నాడు.

"పొద్దున ఇచ్చావు గదమ్మా?"

"అది చీపురు, రాయప్పగారూ," అని ఆమె కొంగు ముడి విప్పి నన్ను అందించింది.

ఆయన బుట్టలోకి వంగి చూసి తల పట్టుకున్నాడు. "ఇందులో ఏది మట్టో ఏది చీపురో ఎట్టా ఏరేది తల్లీ!"

ఏరలేదు. అన్నీ కలిసే కాలాయి. ఊడ్చిన ఆకూ ఊగిన ఆకూ వాగు గట్టున పుట్టినవే. మంటలో నాకు మా మొవ్వు గుర్తొచ్చింది. అది నా దగ్గరే ఆగిపోయి ఉంటే చెట్టు పెరిగేది కాదు. నన్ను వదిలింది. కొత్త ఆకు వేసే ఉంటుంది.

బుధవారం నాడు ఫాదరుగారు శౌరమ్మ నుదుట బూడిద పెట్టారు. అది నేనో చీపురో నాకే తెలియదు.

"నీకు బాగా పెట్టారే, నాకు చుక్కే," అంది మెట్లు దిగుతూ లూర్దమ్మ.

శౌరమ్మ బొటనవేలు అలవాటుగా చూపుడువేలి మీద కదిలింది. ఏమీ దొరకక, కాసేపటికి ఆగింది.

"అక్కా, ఆయన నవ్వితే ఎడంపక్క పన్ను పెదవి మీదికొచ్చేది, గుర్తుందా?"

ఆమె చేతిలో ఇన్నాళ్లున్నాను. ఆ నవ్వు గురించి ఆమె మాట్లాడగా వినడం ఇదే మొదలు.