కుడివైపుకే తిప్పాలి

చొక్కా మూడో గుండీ దగ్గర ఎడమచేతి వేళ్లు మళ్లీ మొరాయించాయి. రెండుసార్లు ప్రయత్నించి, గుండీ కాజాలోకి వెళ్లిందనుకొని ఆయన చెయ్యి తీసేశాడు. వెళ్లలేదు. భార్య పొయ్యి దగ్గర నుంచి లేచివచ్చి, ఆ గుండీ పెట్టి, కింది రెండూ కూడా తనే పెట్టింది. నాలుగు నెలలుగా ఇది ఆవిడ పనే. మొదట్లో "పెళ్లయిన కొత్తలో కూడా నాతో ఇన్ని సేవలు చేయించుకోలేదు కదా" అని ఆటపట్టించేది. ఈమధ్య ఆ మాట అనడం మానేసింది.

"ఇవాళైనా చెప్పెయ్యండి," అంది.

"తీసేశాక చెబుతాను."

"తీశాక ఇంకేం చెబుతారు? హమ్మయ్య దొరికింది అనుకొని నోరు మూసుకుంటారు. మీ సంగతి నాకు తెలియదూ?"

ఆయన గోడకున్న మేకు మీది నుంచి స్ప్రింగు దించి భుజానికి తగిలించుకున్నాడు.

స్ప్రింగు అంటే ఆయన పనిముట్టు. చిటికెనవేలంత లావున, ముప్ఫై అడుగుల పొడవున, ఉక్కుతీగను దగ్గర దగ్గరగా చుట్టి చేసినది. ఒక చివర వంకర పిడి. రెండో చివర మర మీద బిగించే కొక్కెం, పందిపిల్ల తోకలా మెలి తిరిగి ఉంటుంది. పైపు మూసుకుపోయినచోట దీన్ని లోపలికి తోస్తూ పిడి తిప్పితే, కొక్కెం వెళ్లి ఆ చెత్తను కరుచుకుంటుంది. అంతే పని. చూసేవాళ్లకి ఓస్ ఇంతేనా అనిపిస్తుంది. అలా అన్నవాళ్ల చేతికిచ్చి తిప్పమంటే మొదటి వంపు దగ్గరే చెమటలు కక్కుతారు.

కిటుకంతా ఎడమచేతిలో ఉంది. కుడిచెయ్యి పిడి తిప్పుతుంటే, ఎడమచెయ్యి పైపు మూతి దగ్గర స్ప్రింగును వట్టి చేత్తో పట్టుకొని ఉండాలి. లోపల అడ్డుపడింది ఏమిటో ఆ చేతికే తెలుస్తుంది. జుట్టయితే మెత్తగా లాగుతుంది. గుడ్డయితే ఆగి ఆగి వస్తుంది. జిడ్డు పేరుకుంటే కొక్కెం జారి జారి వెనక్కొస్తుంది. నాడి పట్టుకొని రోగం చెప్పినట్టు చెప్పేవాడు కాబట్టి ఆయనకు గొట్టాల డాక్టరని పేరు పడింది. అసలు పేరు జీతాల కాగితం మీద తప్ప ఇంకెక్కడా వినపడదు.

ఈ పనికి ఒకటే నియమం. తోసేటప్పుడైనా లాగేటప్పుడైనా పిడిని కుడివైపుకే తిప్పాలి. ఎడమకు తిప్పితే మర వదులై కొక్కెం లోపలే ఊడిపోతుంది. ముప్ఫై ఒక్క ఏళ్లుగా విన్నవాళ్లకీ విననివాళ్లకీ ఈ ముక్క చెబుతూనే వచ్చాడు. టీలో చక్కెర కలిపినా కుడివైపుకే కలుపుతాడు.

అలాంటి మనిషి పదకొండు రోజుల కిందట ఎడమకు తిప్పాడు.

పనిచేసే నాలుగంతస్తుల బిల్డింగులోనే, వెనకవైపు, మురుగుపైపులు కలిసే చాంబరు దగ్గర కూర్చొని పైపు బాగుచేస్తున్నాడు. స్ప్రింగు ముందుకు పోకుండా లోపలే మడతపడుతోంది. ఎడమచెయ్యి బాగున్న రోజుల్లో అది వెంటనే పట్టేసేది. ఇప్పుడు ఆ వేళ్లకు తిమ్మిరి. వేడి గ్లాసు పట్టుకున్నా కాలడం తెలియని వేళ్లు. ఆయన తోస్తూనే పోయాడు. స్ప్రింగు బిగుసుకుపోయింది. విడిపించాలని పిడిని వెనక్కి తిప్పాడు. మూడు నాలుగు చుట్లు, అంతే. బయటికి లాగితే చివర బోడిగా ఉంది. నీళ్లు మాత్రం ఎలాగో దిగిపోయాయి. దాంతో స్ప్రింగు చుట్టేసుకొని, ఎవరికీ చెప్పకుండా, దొంగలా ఇంటికి వచ్చేశాడు. భార్యకు కూడా మర్నాటికి గానీ చెప్పలేదు.

కొక్కెం పైపులో అడ్డంగా నిలబడిపోయింది. వచ్చిన ప్రతి పోగూ దానికే చుట్టుకుంటోంది. ఆ తర్వాత రెండుసార్లు మురుగు వెనక్కి తన్ని కింది గదిలోకి వచ్చింది.

కింది గదిలో ఉండేది బిల్డింగు ఊడ్చే అమ్మాయి. అమ్మాయంటే ముప్ఫై ఐదు దాటినది. మంచం దిగలేని తల్లితో ఉంటోంది. ఊడ్చినంతకాలం ఆ గది వాళ్లది. రెండోసారి మురుగు తల్లి మంచం కోళ్లదాకా వచ్చినప్పుడు బిల్డింగు మేనేజరు వచ్చి, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకొని గుమ్మంలోనే నిలబడ్డాడు. "తుడిచే గుడ్డపీలికలన్నీ నువ్వే అందులో పడేస్తున్నావు. ఇంకొక్కసారి ఇలా అయిందంటే గది ఖాళీ చెయ్యి," అన్నాడు. గొట్టాల డాక్టరు బకెట్టు పట్టుకొని పక్కనే ఉన్నాడు. తలెత్తి ఆ పిల్ల మొహం చూడలేకపోయాడు. ఆ రోజు నుంచి అన్నం సహించడం లేదు.

ఇవాళ గేటు దగ్గరికి రాగానే వాచ్‌మన్ లేచి నిలబడ్డాడు. "డాక్టరుగారూ, మీ పేషెంటుకి మళ్లీ సీరియస్సు. పొద్దుట్నించీ కక్కుతోంది. మేనేజరు మధ్యాహ్నం వస్తాట్ట."

ఆయన నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు.

తిన్నగా వెనక్కి వెళదామనుకుంటే మూడో అంతస్తు ఇంటావిడ మెట్ల మీద నుంచి కేకేసింది. వంటింటి సింకు ఆగిపోయిందట. వెళ్లక తప్పలేదు. సొంత కొక్కెం లేని స్ప్రింగుకు నిన్న ఇంటి దగ్గర లావుపాటి తీగ వంచి ఒక కొక్కెంలాంటిది కట్టుకున్నాడు. దాంతోనే లాగితే జిడ్డుముద్ద, దాని మధ్యలో చిన్న స్టీలు చెంచా వచ్చాయి. చెంచా కడిగి గట్టు మీద పెట్టాడు. ముప్ఫై ఏళ్లలో గొట్టాల్లోంచి ఆయన తీసి ఇచ్చినవాటికి లెక్కలేదు. పళ్లసెట్లు, తాళాలు, చింపి పారేసిన ఉత్తరాలు. ఎవరింట్లో ఏది దొరికిందో ఇంకొక ఇంట్లో ఏనాడూ చెప్పలేదు. ఆవిడ ఆయన కోసమే విడిగా పెట్టిన, పిడి విరిగిన కప్పులో మంచినీళ్లు ఇచ్చింది.

"ఆ కిందిదాని మూలంగా బిల్డింగంతా ఒకటే కంపు. పంపించేస్తే పీడా పోతుంది."

ఆయన నీళ్లు తాగేశాడు. మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"పైపులు పాతవమ్మా," అని, కప్పు కడిగి బోర్లించి దిగి వచ్చేశాడు. మెట్లు దిగుతుంటే ఎడమ భుజం లాగింది. బరువు మోశాను కదా అనుకున్నాడు.

బిల్డింగు వెనక, గోడకూ ప్రహరీకీ మధ్య మనిషి వెడల్పు సందులో చాంబరు ఉంది. మూత ఎత్తేసరికి నల్లటి నీళ్లు అంచుదాకా వచ్చి ఉన్నాయి. ఊడ్చే అమ్మాయి గదిలోంచి బకెట్టుతో వచ్చింది. మోకాళ్లదాకా తడిసి ఉంది.

"బాబాయ్, ఒట్టు. నేనొక్క పీలిక కూడా వెయ్యలేదు. నువ్వన్నా ఆయనకి చెప్పు."

"తెలుసమ్మా."

"తెలిస్తే చెప్పవేం మరి?"

ఆయన తిరగేసిన బకెట్టు మీద కూర్చొని స్ప్రింగు విప్పుతూ ఉండిపోయాడు. ఆ పిల్ల కాసేపు చూసి, తల్లి పక్కబట్టలు బల్ల మీదికి ఎత్తాలంటూ లోపలికి వెళ్లిపోయింది.

స్ప్రింగుకు అడుగడుక్కీ ఎర్రదారం ముడి ఉంటుంది. పద్దెనిమిదో ముడి దాటితే కొక్కెం ఊడిన చోటు. పదిహేను, పదహారు, పదిహేడు అని నోట్లో అనుకుంటూ, కుడివైపుకే తిప్పుతూ పంపాడు. పద్దెనిమిది పైపు మూతి దాటింది. ఎడమచేతికి ఏమీ తెలియలేదు. చెయ్యి ఉందో లేదో కూడా తెలియడం లేదు. లాగాడు, మళ్లీ పంపాడు. ఎన్నిసార్లో. చొక్కా వీపుకు అంటుకుపోయింది. చివరికి వంగి, మురుగు కారుతున్న ఆ స్ప్రింగును దవడకు ఆనించుకొని పిడి తిప్పాడు. చెయ్యి మోసం చేస్తే చెంప అయినా చెప్పకపోతుందా అని. ఎక్కడో దూరాన చిన్నగా టిక్కుమన్నట్టు అనిపించింది. ఇంకోసారి తిప్పితే మళ్లీ ఏమీ లేదు. తన గుండె చప్పుడే అయి ఉంటుంది.

నడుము నిలబెట్టి గోడకు జారగిలబడ్డాడు. ఇక తన వల్ల కాదని ఆయనకు అర్థమైంది. ఏడుపొచ్చింది. దాంతోపాటే, చెప్పుకోలేనంత సిగ్గుగా, కాస్త హాయిగా కూడా అనిపించింది.

"అమ్మాయ్," అని పిలిచాడు.

కిటికీలోంచి ఆ పిల్ల తొంగి చూసింది.

"మేనేజరు వస్తే ఇటు రమ్మను. ఆయనకొక మాట చెప్పాలి."

"ఏం మాట బాబాయ్?"

"చెప్పాల్సిందే. కాసిని మంచినీళ్లు పట్రా తల్లీ."

ఆ పిల్ల గ్లాసు కడిగి, బిందె వంచి నీళ్లు పట్టుకొని వచ్చేసరికి ఆయన అలాగే గోడకు ఆనుకొని ఉన్నాడు. కుడిచెయ్యి పిడి మీదే ఉంది. దవడ మీద నల్లటి చార ఉంది. గ్లాసు అందిస్తూ, బాబాయ్ అంది. మళ్లీ అంది. మూడోసారి గట్టిగా అరిచింది.

రెండు వీధుల అవతల నుంచి భార్య వచ్చేసరికి వాచ్‌మనూ మరొకరూ కలిసి ఆయన్ని గదిముందు గచ్చు మీద పడుకోబెట్టారు. కింద పరిచినది ఊడ్చే అమ్మాయి దుప్పటే. ఆ ఇంట్లో పొడిగా మిగిలింది అదొక్కటే. భార్య కూర్చొని మొదట ఆయన దవడ తుడిచింది. తర్వాత మూడో గుండీ ఊడి ఉంటే పెట్టింది. అప్పుడు ఏడ్చింది.

మేనేజరు వచ్చాడు. రుమాలు జేబులో పెట్టేసుకొని, చేతులు కట్టుకొని నిలబడ్డాడు. "ఎంత పనిమంతుడు! ముప్ఫై ఏళ్లలో ఒక్క తప్పు చేసిన మనిషి కాదు," అన్నాడు. మెట్ల మీద గుమిగూడినవాళ్లందరూ అవునన్నారు. మూడో అంతస్తు ఆవిడ కళ్లు ఒత్తుకుంది.

"మీకేదో చెప్పాలన్నాడు సార్," అంది ఊడ్చే అమ్మాయి. "పిలవమన్నాడు. ఏంటో చెప్పలేదు."

చాంబరు తెరిచే ఉంది. మూత వెయ్యాలని వాచ్‌మన్ స్ప్రింగు పట్టుకొని లాగబోయాడు.

"కుడివైపుకి తిప్పుతూ లాగు బాబూ," అంది భార్య, తలెత్తకుండానే.

అతను అలాగే లాగాడు. బరువుగా వచ్చింది. వంచిన తీగకు వేలాడుతూ పిడికెడు బూడిదరంగు ముద్ద, జుట్టూ దారాలూ కలిసినది, బయటపడింది. వెనకాలే పైపు గుడగుడమని, చాంబరులో నీళ్లు సుడి తిరుగుతూ దిగిపోయాయి. ముద్ద గచ్చు మీద పడి విడిపోయింది. లోపల ఇనుము మెరిసింది.

అందరికంటే ముందు భార్య చూసింది. కొక్కెం దొరికింది. ఆయన చేతికి చిక్కినా, ఆ చేతికే తెలియకుండా పోయింది. ఈ సంగతి ఇప్పుడు తనకు తప్ప లోకంలో ఇంకెవరికీ తెలియదు.

మేనేజరు బూటుతో దాన్ని కదిపి చూశాడు. "చూశారా! గుడ్డలు చాలక ఇనపముక్కలు కూడా పడేస్తోంది ఇది. దీని మూలంగానే పెద్దాయన ప్రాణం పోయింది." ఊడ్చే అమ్మాయి వైపు తిరిగాడు. "ఈ పూటే సామాను సర్దుకో."

ఖాళీగ్లాసు ఇంకా ఆ పిల్ల చేతిలోనే ఉంది. లోపల నుంచి తల్లి, ఎవరొచ్చారే, ఏమైందే అని అడుగుతోంది.

భార్య భర్త మొహంలోకి చూసింది. ఒక్క తప్పు చేసిన మనిషి కాదు. కాసేపు నోరు మూసుకుంటే చాలు, ఆ మాటతోనే ఆయన్ని మోసుకెళతారు. ఆ మాట ఆయనకు ఎంత ఇష్టమో ఆవిడకు తెలుసు. అది పోతుందనే కదా పదకొండు రోజులు ఈ సంగతి దాచాడు.

లేచింది. ఇనపముక్కను తీసి బకెట్టులో జాడించి కొంగుతో తుడిచింది. స్ప్రింగు చివర తీగ కట్టును పంటితో పట్టి విప్పింది. ఇనపముక్కను ఆ చివర పెట్టి కుడివైపుకు తిప్పింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. మర పట్టి బిగిసి కూర్చుంది. అందరికీ కనపడేలా పైకెత్తింది.

"ఇది మా ఆయనది. పదకొండు రోజుల కిందట ఆయన చేతిలోనే ఊడిపోయింది. ఎడమకి తిప్పాడు. తప్పు ఆయనది, ఈ పిల్లది కాదు. మీకు చెప్పాలనుకున్నది ఇదే."

మెట్ల మీద నుంచి ఎవరో "అయ్యో" అన్నారు. అది చనిపోయినందుకో తప్పు చేసినందుకో తెలియలేదు. మేనేజరు రుమాలు మళ్లీ బయటికి తీశాడు.

"సర్లెండమ్మా. గది సంగతి తర్వాత చూద్దాం."

"తర్వాతేంటి? ఆయన ఇక్కడుండగానే చెప్పండి."

ఆయన ఇక్కడే ఉన్నాడు, నోరు కొద్దిగా తెరుచుకొని, గుండీలన్నీ పెట్టుకొని.

"ఉండనీండి. ఉంటుంది," అన్నాడు మేనేజరు.

ఊడ్చే అమ్మాయి గచ్చు మీద కూలబడి ఆవిడ కాళ్లు పట్టుకుంది. "నా కాళ్లెందుకే, ఆయన్ని క్షమించు," అని ఆవిడ భోరుమంది.

ఎండ ప్రహరీ దాటకముందే ఆయన్ని తీసుకెళ్లిపోయారు. దుప్పటి కూడా ఆయనతోనే వెళ్లిపోయింది. వాచ్‌మన్ చాంబరు మూత వేసి గేటు దగ్గరికి వెళ్లాడు. స్ప్రింగును తీసుకెళ్లాలని ఎవరికీ తోచలేదు. మూత మీద చుట్టలు చుట్టుకొని అది అక్కడే ఉండిపోయింది, పిడికి ఆయన అరచేతి నునుపుతో, చివర బిగించిన కొక్కెంతో.