కార్నర్ బిట్

పూలిని పూడ్చిన తొమ్మిదో రోజున సంపత్ వచ్చాడు. రెండేళ్లుగా ఫోన్ ఎత్తని మనిషి, పిలవకుండానే వచ్చాడు. అతని తెల్ల కారు అతనే వేసిన వెన్నెల కౌంటీ వెంచర్ ఆర్చి కింద ఆగింది. దిగి, నల్లద్దాలు నెత్తి మీదికి తోసుకుని, కుడివైపు మొదటి ప్లాటు వంక చూశాడు. ఎర్రమట్టి కుప్ప. దాని చుట్టూ పేర్చిన రాళ్లు. పక్కన గొంతుకూర్చుని బీడీ తాగుతున్న రూప్లా.

"నాయక్, ఏంది గిది?"

"తెలిసే గదా వచ్చినవ్."

"మనిషి పోయిన బాధ ఉంటది, కాదంటలేను. ప్లాట్ల నడుమ సమాధేంది? తండాకు జాగ లేదా?"

"నా ప్లాటు. నా పెండ్లాం. రిజిస్ట్రేషన్ కాయితం చూపియ్యాల్నా?"

సంపత్ చెప్పుతో మట్టి గెలికాడు. "ఆదివారం సత్తుపల్లి నుంచి వ్యాన్ వస్తది. పన్నెండు మంది, అందరు బొగ్గుబాయిల రిటైరైనోళ్లు. ఏడాదికి గిట్లాంటి బేరం తగిలింది నాకు. ఆర్చి దాటంగనే ఇది కనబడ్తే బండి దిగుతరా?"

"దిగకుంటే మానె."

వెన్నెల కౌంటీ ముందు భాగమంతా ఒకప్పుడు రూప్లా చేనే. తల్లాడ దాటి అడవి దిక్కు పోయే రోడ్డు వారగా రెండెకరాలు. పత్తి వేసేవాడు, నీళ్లున్న ఏడు మిరప వేసేవాడు. హైవే వస్తుందన్న మాట పుట్టిన ఏడాది మంగలి దుకాణంలో, టీ బండి దగ్గర, సూదిమందు వేసే ఆర్ఎంపీ గదిలో అందరూ గజాల్లో మాట్లాడటం మొదలుపెట్టారు. ఎకరం అనేది ముసలివాళ్ల మాటైపోయింది. సంపత్ అప్పుడు మోటారు సైకిల్ మీద వచ్చాడు. ఒక ఎకరానికి డబ్బు, రెండో ఎకరానికి బదులు ప్లాట్లు అన్నాడు. "ముందటి కార్నర్ బిట్ నీకే నాయక్. రెండు దిక్కుల రోడ్డు. నువ్వు పండుకున్నా అది పెరుగుతది." చేతికొచ్చిన డబ్బు ఇంటి స్లాబుకూ, కొడుకు శ్రీధర్ పెళ్లికీ సరిపోయింది. ప్లాట్లు కాగితాల మీద పెరుగుతూ కూర్చున్నాయి.

రోడ్లు చదును చేసే గ్రేడర్ వచ్చిన రోజు సంగతి రూప్లా ఎవరికీ చెప్పడు. తండాలో ఎవరి మనుషుల్ని వాళ్ల చేను గట్టునే పూడ్చుకోవడం ఆనవాయితీ. ఆయన గట్టు మీద రెండు రాళ్ల కుప్పలుండేవి. ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. సంపత్ వాటిని చూసి, "అవేంది నాయక్, సమాధులా? అయితే ముందే చెప్పు, రేటు పడ్తది" అన్నాడు. రూప్లా తడుముకోలేదు. "చేన్ల ఏరి పడేసిన రాళ్లు. తీసెయ్యండ్రి." గ్రేడర్ తీసేసింది. ముప్పై అడుగుల రోడ్డు వాళ్ల మీదుగానే పోయింది. అన్నం గిన్నె పట్టుకుని పూలి అక్కడే నిలబడి ఉంది. పోట్లాడలేదు. నెల రోజులు ఆయనకు అన్నం పెట్టింది, మాట్లాడలేదు.

ఆ తర్వాత రెండేళ్లకు గాలి దిగిపోయింది. హైవే ఎటో పోయింది. కొన్నవాళ్లు అమ్మాలని చూశారు, కొనేవాళ్లు కనపడలేదు. పార్కన్న చోట వయ్యారిభామ నడుం ఎత్తు పెరిగింది. హద్దురాళ్లకు మేకలు వీపులు రుద్దుకున్నాయి. నూట ముప్పై ప్లాట్లలో ఒక్కరూ ఇల్లు కట్టలేదు.

పోయిన చలికాలంలో పూలికి కడుపునొప్పి వచ్చింది. ఖమ్మం దవాఖానాలో చూసి, హైదరాబాద్ తీసుకుపొమ్మన్నారు. ఆపరేషన్ అయితే బతుకుతుంది, ఆలస్యం చేయొద్దన్నారు. రూప్లా సంపత్ ఆఫీసుకు పోయాడు. ఉన్న ప్లాట్లన్నీ సగానికి తీసుకోమన్నాడు. ఆ సగంలో సగానికైనా తీసుకోమన్నాడు. "మార్కెట్ డల్లున్నది నాయక్, ఉత్తగిచ్చినా ఎవడు తీస్కుంటలేడు" అన్నాడు సంపత్. మూడు రోజులు వరసగా పోయి కూర్చుంటే మూడో రోజున కాగితం కప్పులో టీ ఇచ్చి, ఫ్యాను బందు చేశారు.

పూలి ఇంటికొచ్చాక పందొమ్మిది రోజులు బతికింది.

శవం లేచేటప్పుడు తండా మగవాళ్లు వాగు దిక్కు తిరిగారు. చేలు అమ్ముకున్నవాళ్లంతా ఇప్పుడు తమవాళ్లను అక్కడే పూడుస్తున్నారు. రూప్లా పాడెకు అడ్డం నిలబడి, "నా చేన్ల పెడ్త" అన్నాడు. తండా పెద్ద దస్రు, "ఏ చేను?" అని అడిగాడు. రూప్లా చెయ్యెత్తి ఆర్చి చూపించాడు. శ్రీధర్ వద్దు బాపూ అని ఏడ్చాడు. రూప్లా వినలేదు. మూడో రోజు కాగానే శ్రీధర్ సత్తుపల్లి ఓపెన్ కాస్టు బొగ్గుగనిలో తన టిప్పర్ దగ్గరికి వెళ్లిపోయాడు. మళ్లీ ఫోన్ చేయలేదు.

సంపత్ ఇప్పుడు ఎదురుగా కూర్చున్నాడు. ప్యాంటు మట్టి అయినా చూసుకోలేదు. "నాయక్, ఈ బిట్ నాకియ్యి. మంచిగున్నప్పటి రేటే ఇస్త. ఆమెను మర్యాదగ వాగు కాడికి మార్చే ఖర్చు గుడ నాదే."

"మంచిగున్నప్పటి రేటా?"

"అవ్. రూపాయి తక్కువ చెయ్య."

"చలికాలంల మార్కెట్ డల్లుండె. ఇప్పుడెట్ల లేచింది?"

"లేవలే. పార్ట్‌నర్లం తలా ఇంత ఏస్కుంటున్నం."

"బతికిచ్చెతందుకు ఏస్కోలేదు. తవ్వెతందుకు ఏస్కుంటున్నరు."

సంపత్ లేచి ప్యాంటు దులుపుకున్నాడు. "మొండిగ చెయ్యకు నాయక్. పంచాయతోళ్లను తెస్త."

"తే. సమాధుల లెక్క వాళ్ల ముంగట మాట్లాడుకుందాం. రోడ్డు కిందియి గుడ."

సంపత్ మొహం పాలిపోయింది. కారెక్కాడు. రూప్లాకు తొమ్మిది రోజుల తర్వాత మొదటిసారి ఆకలైంది.

మర్నాడు పొద్దు వాలుతుండగా కవిత వచ్చింది. పక్క తండా మనిషి, ఆశా వర్కర్. రూప్లాకు వరసకు అన్న కూతురు. ఆ పందొమ్మిది రోజులూ పూలికి ఒళ్లు తుడిచింది, మాత్రలు వేసింది, తల దువ్వింది. వెన్నెల కౌంటీలో మూడో ప్లాటు ఆమెది.

"తిన్నవా కాకా?"

"తిన్న."

"ఏం తిన్నవ్?"

"నా తిండి అడగనీకి వచ్చినవా నువ్వు? చెప్పు."

కవిత నవ్వబోయి ఆగిపోయింది. "నా ప్లాటుకు బయానా ఇచ్చిన సత్తుపల్లాయన వాపస్ అడుగుతున్నడు. మొన్న భార్యకు చూపిద్దామని తీస్కొచ్చిండట. ఆమె బండి దిగలేదట."

"సంపత్‌గాడు పంపిండా నిన్ను?"

"వాని మొహం నేనెందుకు చూస్త? పదిహేను నెల్లు తిరిగి తిరిగి ఒక్కన్ని పట్టిన కాకా. నా బిడ్డ సుజనకు నర్సింగుల సీటొచ్చింది. ఈ నెలలనే చేరాలె."

"నీ మీద నాకేం పగ లేదు."

"లేదు. అయినా నా మీదనే పడ్డది."

రూప్లా ఇంకో బీడీ తీశాడు. అగ్గిపుల్ల గీశాడు, బీడీకి అంటించలేదు.

"చిన్నమ్మ ఏమన్నదో యాదికున్నదా?" అంది కవిత.

"శానా అన్నది."

"వాగు కాడ, వాళ్లక్క పక్కన పెట్టమన్నది. 'ఆ ప్లాట్లల్ల మాత్రం పెట్టకుండ్రి' అన్నది. నేను తల దువ్వుతున్న గప్పుడు. నువ్వు గడపల కూసున్నవ్."

"నాకు ఇనబడలే."

"'అవ్' అన్నవ్ కాకా. నేనిన్న."

అగ్గిపుల్ల వేలిదాకా కాలింది. రూప్లా దాన్ని పారేసి వేలు నోట్లో పెట్టుకున్నాడు. ఆ ఒక్క మాటకు ఆయనకు కోపం వచ్చింది. "పో" అన్నాడు. "నీ ప్లాటు, నీ బయానా, పో." కవిత పోయింది. ఆదివారం దాకా రెండు రోజులూ ఆయన ఆ మాటను పంటి కింద రాయిలా నములుతూనే ఉన్నాడు. ఉమ్మనూ లేదు, మింగనూ లేదు.

ఆదివారం పొద్దున్నే వచ్చేసరికి కార్నర్ బిట్ కనపడలేదు. చుట్టూ వెదురు గుంజలు పాతి ఆకుపచ్చ పరదా కట్టారు. దాని మీద పెద్ద బ్యానర్: 'క్లబ్ హౌస్ నిర్మాణ స్థలం.' సంపత్ ఇస్త్రీ చొక్కాలో ఆర్చి కింద నిలబడి ఉన్నాడు. దూరంగా తన ప్లాటులో కవిత, సత్తుపల్లాయన రాకపోతాడా అని చూస్తోంది.

"నాయక్, ఒక్క గంట. దండం పెడ్త. గంటయినంక నేనే విప్పిస్త."

రూప్లా పరదా అంచు పట్టుకున్నాడు. వదిలేస్తే పన్నెండు మందిలో ఒకరో ఇద్దరో కొంటారు. కవితది కూడా అమ్ముడుపోవచ్చు. ఆ తర్వాత నిదానంగా, ఎవరూ చూడకుండా, పూలిని ఆమె కోరిన చోటికి తీసుకుపోవచ్చు. ఇదంతా ఆయనకు స్పష్టంగా తెలిసింది. సంపత్ నవ్వడం కూడా అప్పుడే మొదలుపెట్టాడు, పని అయిపోయినట్టు.

ఆ నవ్వు చూసి రూప్లా పరదా లాగేశాడు.

వ్యాన్ అప్పుడే ఆర్చి దాటింది. గుంజలతో సహా పరదా రోడ్డు మీద పడింది. ముందు సీటులో కూర్చున్న పెద్దావిడ కిటికీలోంచి తల బయటపెట్టి, "అయ్యో, ఎవరిదయ్యా?" అంది.

"నా భార్యది. ఈ ప్లాటు అమ్మి ఆపరేషన్ చేపిద్దామనుకున్నం. ఎవరు కొనలే. మీరు కొంటరా?"

వెనక సీటులో ఒకాయన, "ముందు బండి తిప్పు తమ్మీ" అన్నాడు డ్రైవర్‌తో. బండి తిరగడానికి రోడ్డు సరిపోలేదు. డ్రైవర్ ముందుకూ వెనక్కూ మూడుసార్లు తీశాడు. అంతసేపూ సంపత్ దాని వెంబడి నడుస్తూ కిటికీలు కొట్టాడు. వ్యాన్ పోయాక కవిత రూప్లా ముందు నుంచే నడిచిపోయింది. తిట్టలేదు. ఆయన లేనట్టే పోయింది.

నెలన్నరకు సంపత్ ఆఫీసు తాళం పడింది. పార్ట్‌నర్లు కొట్టుకున్నారు. కారు అమ్ముకుని అత్తగారి ఊళ్లో ఆయిల్‌పామ్ గెలలు కొట్టించుకుంటున్నాడని టీ బండి దగ్గర చెప్పుకున్నారు. సుజన ఖమ్మంలో బట్టల దుకాణంలో చేరిందని కూడా అక్కడే చెప్పుకున్నారు. రెండు మాటలూ రూప్లా ఒకే గ్లాసు టీ తాగుతూ విన్నాడు. మొదటిది ఎన్నాళ్లుగానో ఎదురుచూసిన మాట. వింటే కడుపు నిండుతుందనుకున్నాడు. నిండలేదు. కోప్పడటానికి ఇప్పుడు ఎవరూ మిగల్లేదు. మిగిలింది గడపలో కూర్చుని 'అవ్' అన్న మనిషి ఒక్కడే.

అప్పుడు దస్రు ఇంటికి పోయాడు. దస్రు మంచం మీద కూర్చుని మొక్కజొన్న కంకులు వలుస్తున్నాడు. రమ్మనలేదు, కూర్చోమనలేదు.

"పూలిని వాగు కాడికి తెస్త" అన్నాడు రూప్లా.

"ఎందుకు?"

"ఆమె అడిగింది."

"ఎప్పుడడిగింది? ఇప్పుడు లేచొచ్చి అడిగిందా?"

రూప్లా తల వంచుకున్నాడు.

"ఆనాడు పాడె ఎత్తినప్పుడు తండా మొత్తం వాగు దిక్కే తిరిగింది" అన్నాడు దస్రు. "ఆమె మాట అందరికి తెల్సు. నువ్వు అడ్డం నిలబడ్డవ్. మట్టికిచ్చినంక మళ్ల తవ్వుడు మనల లేదు. ఉన్నా, రెండుసార్లు మొయ్యనీకి ఈడ ఎవరి భుజం రాదు."

"నేనొక్కన్నే తవ్వుకుంట. నేనొక్కన్నే మోస్త."

"వాగు కాడి జాగ తండాది. తెస్తే నేను అడ్డం నిలబడ్త." దస్రు ఇంకో కంకి తీసుకున్నాడు. "నువ్వు ఆమెను సంపత్ మీదికి ఇసిరినవ్, రాయి ఇసిరినట్టు. ఇసిరిన రాయి వాపస్ రాదు. పో ఇంక."

మూడు రోజుల తర్వాత రూప్లా తన ఇంటి వెనక కొట్టం పీకాడు. ఆరు రేకులు, నాలుగు గుంజలు, ఒక మంచం ట్రాలీ ఆటోలో వేసుకుని వెన్నెల కౌంటీకి వచ్చాడు. కార్నర్ బిట్‌లో సమాధి పోగా మిగిలిన జాగాలో గుంతలు తీయడం మొదలుపెట్టాడు. నేల గ్రేడర్ తొక్కిన నేల, గడ్డపారకు సులువుగా లొంగలేదు. మేకలు తోలుకుపోతున్న వీరన్న ఆగి చూశాడు.

"ఏంది నాయక్, స్లాబిల్లు ఇడిసిపెట్టి ఈడ కొట్టమేస్తున్నవ్?"

"ఉంట."

"ఈడనా? కరెంటు రాదు. నీళ్లు రావు. చుట్టుముట్టు ఒక్క పురుగు లేదు. ఈ జాగల ఎవరన్న ఉంటరా?"

రూప్లా గుంజ నిలబెట్టి, దాని మొదట్లో మట్టి వేసి కాలితో గట్టిగా తొక్కాడు.

"ఆమెను అడిగి పెట్టిన్నా ఈడ?" అన్నాడు. రెండో గుంతకు గడ్డపార ఎత్తాడు.