చింతపండుతో తోమిన కూర్మం

తడిగుడ్డ విప్పింది.

లోపల రాయి. బూడిదరంగుది, అరచేతిలో ఒదిగేంత. పసుపు వాసన, దీపపు నూనె వాసన... వాటి అడుగున ఎక్కడో, చాలా లోతున, సముద్రం.

జగన్నాధం ముందుకి వంగాడు.

నరసన్నపేటలో బంగారం కొట్టు అతనిది. గీటురాయి ముందు కూర్చుని నగ మంచిచెడ్డలు చెప్పడం తాతలిచ్చిన పని. ఎప్పుడో చచ్చి రాయైపోయిన పురుగుల్ని పోగెయ్యడం తను తెచ్చిపెట్టుకున్న పిచ్చి. బంగారం వదిలి బండలు పట్టుకున్నాడని బజారంతా నవ్వేది. నవ్విన నాపచేనే పండుతుందని అతను ఊరుకునేవాడు.

మన కొండల్లో ఆ పురుగులు దొరకవు. మన కొండలు మరీ ముసలివి — పురుగూ పుట్రా పుట్టక మునుపటివి. అందుకే ఏ దూరదేశం నుంచి ఎవరు ఏ రాయి తెచ్చినా అతను ఎదురెళ్ళేవాడు.

ఈ రాయి బర్మాది.

తెచ్చింది చిన్నతల్లి. నౌపడ ఉప్పుమడుల్లో కూలి. పన్నెండేళ్ళ కిందట బర్మాలోని రంగం రేవు నుంచి వచ్చి ఒక్కతే ఓడ దిగింది. మొగుడు సోములు అక్కడ కొండల్లో రైలుదారికి కంకర కొట్టేవాడు. ఒకనాడు కొడుతుంటే రాతిలోంచి ఇది బయటపడింది. వీపున తాబేలు డిప్ప లాంటిది చూసి, శ్రీకూర్మం సామే తన చేతికి దొరికాడనుకున్నాడు. పెళ్ళాం చేతిలో పెట్టి ఓడ ఎక్కించాడు.

"పై ఓడకి నానొచ్చేస్తాను. ఈ సామి మీద ఒట్టు."

పై ఓడ వచ్చింది.

ఆ పై ఓడా వచ్చింది.

సోములు రాలేదు.

కబురు లేని మనిషి కోసం పన్నెండేళ్ళు చూస్తారు. ఆ తర్వాత దర్భలతో బొమ్మ కట్టి, ఆ బొమ్మకి నిప్పు పెట్టి, కర్మ చేసేస్తారు. పెళ్ళాం మెళ్ళో తాడు తీసేస్తారు. ఈ కార్తీకానికి ఆ గడువు నిండుతుంది.

కొట్టు అరుగు మీద కూర్చున్న గంగులు, సోములుకి అన్న. అతనిది ఒకటే మాట.

"ఆడు మోసగాడు. అక్కడెవర్నో కట్టుకునుంటాడు. ఆ రాతిబొమ్మ కూడా బజార్ల కొన్నదే. సావుకారు బాబు నిజవైన రాయని సెప్తే నాను నోరెత్తను. కాదంటే కర్మ సేసెయ్యాల."

చిన్నతల్లి సరేనంది. రాయి నిజమైతే సోములు మాట నిజం. మాట నిజమైతే మనిషి ఉన్నాడు. ఆమె పసుపుతాడు ఇప్పుడు ఆ రాయికే ముడిపడి ఉంది.

జగన్నాధం కంటికి అద్దం పెట్టుకున్నాడు.

తల ఉంది. నిలువునా మూడు పాయలైన వెన్ను ఉంది. మనిషి చెక్కిందైతే రెండు పక్కలా అచ్చు గుద్దినట్టుంటుంది. ఇది కాస్త ఒక పక్కకి ఒరిగి చచ్చిపోయింది. పాపం, చావుకి కొలతలేముంటాయి.

ట్రైలోబైట్. కోట్ల ఏళ్ళ కిందట, డెవోనియన్ కాలపు సముద్రంలో పాకిన జీవి. నిజమైనదే... అతని గుండె పొంగింది.

కానీ కళ్ళేవీ?

ఈ జాతికి కళ్ళు తేనెపట్టు గదుల్లా ఉండాలి. నున్నగా ఉన్నాయి, వాడేసిన సబ్బుబిళ్ళలా. వెన్నూ అంతే. తోక మాత్రం నిన్ననే చేసినట్టుంది.

"దీన్ని దేంతో కడుగుతావమ్మా?"

"సింతపండుతోటే బాబూ. సుక్కురారం సుక్కురారం, ఇత్తడి దీపంతో పాటే తోంతాను. సామి మెరవాల కదా."

పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రం. ఇది సున్నపురాయి. పులుపు తగిలితే కరిగిపోతుంది. కోట్ల ఏళ్ళు సముద్రం దాచిన కళ్ళని పన్నెండేళ్ళ భక్తి తినేసింది. జగన్నాధానికి నిజంగానే ఏడుపొచ్చింది.

మరి తోక? పులుపుకి కరగని తోక?

సూది కాల్చి అంచున ఆనించాడు. సన్నగా పొగ లేచింది. ఆ వాసన అతనికి పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ తెలుసు — బోలు నగల్లో నింపే లక్క. రాతిపొడి కలిపి, రంగు కుదిర్చి, ఓపిగ్గా అతికారు.

మింగలేడు, కక్కలేడు. మేలిమిని మేలిమనీ, కాకిబంగారాన్ని కాకిబంగారమనీ చెప్పడమే ఎరిగిన నోరు అతనిది.

"రాయి కొండలోదేనమ్మా. తోక మాత్రం లక్క."

"సెప్పినానా," అన్నాడు గంగులు అరుగు మీంచి.

జగన్నాధం రాయిని వెల్లకిలా తిప్పాడు. లక్కని అదిమిన చోట వేలిముద్ర. బొటనవేలిది. గీతల మీదుగా ఏటవాలుగా ఒక గాటు. అద్దం ఆమె చేతికిచ్చాడు.

చూసింది.

చాలాసేపు చూసింది.

"ఆడి ఏలే. సుత్తి దెబ్బకి సీలిపోతే నానే పసుపెట్టి కట్టు కట్టినాను."

జగన్నాధం ముఖం విప్పారింది. "విన్నావా గంగులూ, బజార్లో కొన్నది కాదు. కొట్టింది సోములే, విరిగితే అతికిందీ సోములే. నీ తమ్ముడు అబద్ధం చెప్పలేదు."

గంగులు తల గోక్కున్నాడు. "అలాగైతే... ఆగుదాం."

గెలిచింది. తాడు నిలిచింది. కానీ చిన్నతల్లి అద్దం దించలేదు.

"ఇరిగిందని నాకు తెలీకూడదని కూకుని అతికినాడు బాబూ. సూస్తే ఏడుస్తానని." అప్పుడు అద్దం దించింది. "పై ఓడకొస్తానన్నదీ ఇలాగే అతికినాడు. రానేనని ఆడికి ఆపొద్దే తెలుసు. ఇంక ఆడు రాడు."

బజార్లో బండి చక్రాల చప్పుడు. ఎవరో ఎవర్నో పిలుస్తున్నారు.

ఆమె రాయిని వేలితో తడిమింది — కళ్ళు ఉండాల్సిన చోట.

"ఇది అరిగింది... నా సింతపండుకేనా?"

"కాదమ్మా. సముద్రంలోనే అరిగిపోయింది."

ఆ కొట్లో కూర్చున్నాక జగన్నాధం ఆడిన మొదటి అబద్ధం అది. నాలుక మీద చేదుగా ఉంది.

చిన్నతల్లి అతని ముఖంలోకి చూసింది. కోపంగా కాదు. జాలిగా.

"మీరూ అతుకుతన్నారు బాబూ."

రాయిని గుడ్డలో చుట్టుకుంది. అరుగు దిగింది.

"లే బావా. దర్భలు సూసుకోవాల. కార్తీకం దాటిపోతాది."

గంగులు లేవలేదు. తమ్ముడు పోయాడని అతనికి అప్పుడే తెలిసింది.