నెప్ట్యూన్ వేషం

బంగారయ్య ఏడో గీత ముగించి ఎనిమిదో గీతకి తాడు వదిలాడు. గ్రౌండు మధ్యలో మేకు, మేకుకి కొబ్బరితాడు, తాడు చివర సున్నం డబ్బాతో వంగిన బంగారయ్య. సూర్యకుటుంబం ఆ రకంగా తయారవుతోంది. ఎనిమిదో గీత షామియానా దాటి, సైకిల్ స్టాండు వెనకనుంచి, బాత్రూముల పక్కగా, ప్రహరీ మూలనున్న కొబ్బరిచెట్టుని ఒరుసుకుంటూ పోయింది. అది నెప్ట్యూన్ దారి. ఆ దారిలో నడవాల్సింది తనేనని అప్పటికి అతనికి తెలియదు.

వంగినప్పుడల్లా ఎడమ చెయ్యి లాగుతోంది. రొమ్ముమీద ఎవరో బియ్యం బస్తా దించి, తిరిగి తీసుకెళ్లడం మరిచిపోయినట్టుంది. మూడు రోజులుగా ఇదే వరస. ఊళ్లో ఆరెంపీ చూసి, అమలాపురం వెళ్లి ఈసీజీ తీయించుకోమని చీటీ రాసిచ్చాడు. అక్కడికి గుండె డాక్టరు వచ్చేది శుక్రవారం ఒక్కరోజే, ఒంటిగంట దాకానే. ఈవేళ శుక్రవారం. సైన్సు దినోత్సవం కూడా.

పదకొండింటి బస్సు ఎక్కకపోతే ఇక మాట్లాడనని భార్య కాంతం పొద్దున్నే చెప్పింది. ఆయ్ అన్నాడు.

రాజోలులో ఆ స్కూలుకి ముప్పయ్యొక్కేళ్లుగా అతను అటెండరు. గంట కొట్టడం, కుండల్లో నీళ్లు నింపడం, ఎవరేం చెప్పినా ఆయ్ అనడం అతని ఉద్యోగం. కుదరదన్న మాట అతని నోరు ఎన్నడూ ఎరగదు. ఓసారి పాము కరిస్తే, చేతిలో ఉన్న టీలు స్టాఫ్‌రూంలో అందరికీ ఇచ్చేసి, "తమరికి తీరుబడైతే ఈ కాలోసారి చూద్దురూ" అన్నాడు.

హెడ్మాస్టరు సుబ్రహ్మణ్యేశ్వరరావుగారి గదిలోకి తొమ్మిదింటికి వెళ్లాడు.

"కొంచెం ఇక్కడ పట్టేసినట్టుందండి. అమలాపురం వెళ్లొద్దారని..."

"గ్యాసు" అన్నారాయన తలెత్తకుండా. ఆయన చెప్పేది లెక్కలు. "రాత్రేం తిన్నావ్?"

"పనసపొట్టు కూరండి."

"మరింకేం? ప్రోగ్రాం అవ్వగానే వెళ్దువుగాని."

స్టాఫ్‌రూంలో సోషలు మాస్టారు సోడా తాగమన్నారు. తెలుగు పంతులమ్మ వాము నమలమంది. డ్రిల్లు మాస్టారు తన బావమరిదికి అచ్చం ఇలాగే వచ్చిందనీ, రెండుసార్లు తేన్పు రాగానే పోయిందనీ చెప్పేరు. అప్పట్నుంచీ బంగారయ్య తేన్పుకోసం మర్యాదగా ప్రయత్నిస్తూనే ఉన్నాడు.

ఈలోగా గ్రహాల దగ్గర గొడవైంది. ఐదో తరగతి పిల్లలు ఎనిమిదిమంది ఎనిమిది గ్రహాలు. శని వేషానికి పిల్లాణ్ని ఇవ్వడానికి వారం నుంచీ ఏ తల్లీ ఒప్పుకోలేదు. అట్టమీద శని చెరిపేసి సాటర్న్ అని రాస్తే, ఒకావిడ ఎగిరి గంతేసి ఒప్పుకుంది. నెప్ట్యూన్ కుర్రాడి తండ్రి మాత్రం ఆ ఉదయమే ఫోను పట్టుకుని స్టేజీ ముందు నిలబడి చూసుకుని, అందరి పిల్లలూ వీడియోలో పడుతుంటే తనవాడొక్కడే బాత్రూముల దగ్గర తిరగాలా అని అడిగాడు. పది నిమిషాల్లో ఆ కుర్రాడు భూమి పక్కన చంద్రుడైపోయాడు.

సైన్సు టీచరు కరుణ కళ్లనీళ్ల పర్యంతమై బంగారయ్య దగ్గరికొచ్చింది.

"మీరే గట్టెక్కించాలండి, బంగారయ్యగారూ. పావుగంట పని."

"పదకొండింటికి బస్సుందండి" అన్నాడు. అతని జీవితంలో కాదనడానికి అంత దగ్గరగా వెళ్లడం అదే మొదలు.

"ముఖ్య అతిథిగారు పదింటికే వచ్చేస్తారండి."

"ఆయ్."

మొహానికి నీలం రంగు, జనపనార గడ్డం, నీలం చీరముక్క, కొబ్బరిమట్టకి వెండికాగితం చుట్టిన త్రిశూలం. నెప్ట్యూన్ అంటే రోమన్ల సముద్రదేవుడనీ, మన వరుణుడిలాంటివాడనీ రంగు పూస్తూ ఆవిడ చెప్పింది. దేవుడి బట్టలకి జేబు లేదు. అతను డాక్టరు చీటీని మడిచి త్రిశూలం వెండికాగితంలో దోపుకున్నాడు.

పదింటి అతిథి పదకొండూ నలభైకి వచ్చేరు. రోజూ ఆలస్యంగా వచ్చే పదకొండింటి బస్సు ఆవేళ సరిగ్గా సమయానికి హారన్ కొట్టుకుంటూ గోడవతలనుంచి వెళ్లిపోయింది. పన్నెండింటి బస్సు ఎక్కినా డాక్టరు అందుతాడేమోనని బంగారయ్య లెక్కేసుకున్నాడు.

బుధుడు మేకు చుట్టూ గిరగిరా పరిగెత్తాడు. శుక్రుడు చెల్లెల్ని చూసి చెయ్యూపాడు. బంగారయ్య ఎనిమిదో గీతమీద నడుస్తున్నాడు. మైకులో కరుణ గొంతు వినిపిస్తోంది. నెప్ట్యూన్ సూర్యుడికి నాలుగువందల యాభై కోట్ల కిలోమీటర్ల దూరం. అక్కడ చలి సున్నాకి రెండువందల డిగ్రీలు కింద. ఒక్క చుట్టు తిరగడానికి నూట అరవై అయిదేళ్లు. కళ్లతో చూడకముందే కాగితంమీద లెక్కకట్టి, ఫలానా చోట ఉండితీరాలని కనిపెట్టేరు. లెక్కల మాట రాగానే హెడ్మాస్టరుగారు తలాడించారు.

సైకిల్ స్టాండు దగ్గర బస్తా బరువు రెండింతలైంది. బంగారయ్య ఆగి, స్టేజీ వైపు చెయ్యెత్తాడు. ముఖ్య అతిథి త్రిశూలం చూసి శివుడనుకుని లేచి దణ్ణం పెట్టేరు. అందరూ చప్పట్లు కొట్టేరు. హెడ్మాస్టరుగారు మైకు అందుకున్నారు.

"నెమ్మదిగా, బంగారయ్యా. నెప్ట్యూన్‌కి తొందర్లేదు."

"ఆయ్" అన్నాడు. అంత దూరంనుంచి అది ఎవరికీ వినపడలేదు.

కొబ్బరిచెట్టు దాకా వెళ్లాడు. త్రిశూలం పడిపోతే టీచరమ్మ నొచ్చుకుంటుందని దాన్ని ఇసకలో గట్టిగా గుచ్చాడు. చెట్టుకి వీపు ఆనించి కూర్చున్నాడు. కాంతానికి ఏం చెప్పాలా అని కాసేపు ఆలోచించాడు. మామూలు కంటికి నెప్ట్యూన్ కనపడదని మైకులో చెబుతున్నారు.

తరవాత జనగణమన. అందరూ లేచి నిలబడ్డారు. ముప్పయ్యొక్కేళ్లలో మొదటిసారి బంగారయ్య లేవలేదు.

మధ్యాహ్నం భోజనాల గంట ఎవరూ కొట్టలేదు. అప్పుడు వెతికేరు. ఆటోలో ఎక్కించేటప్పుడు హెడ్మాస్టరుగారు "నాతో గట్టిగా చెప్పొద్దా" అని మూడుసార్లు అన్నారు. ఆయన చెయ్యంతా నీలం రంగు అంటుకుంది. స్టాఫ్‌రూంలో ఆవేళ గ్యాసు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

సాయంత్రానికి షామియానా విప్పేశారు. పిల్లల కాళ్లకింద ఏడు గీతలూ చెరిగిపోయాయి. ఎనిమిదోది అలాగే ఉంది. కొబ్బరిచెట్టు దాకా దానిమీద ఒక మనిషి అడుగులు, అక్కణ్నుంచి ఎవరూ తొక్కని తెల్లటి సున్నం. ఆ రెండూ కలిసేచోట త్రిశూలం నిటారుగా నిలబడి ఉంది. గాలి వచ్చినప్పుడల్లా వెండికాగితం మడతలోంచి చీటీ కొస బయటికొచ్చి, మళ్లీ లోపలికి పోతోంది.