మొక్కు పాటలు

అతన్ని అందరూ సామి అనేవాళ్లు. జమైకా బాణీ అయిన రెగే పాటలు పాడేవాడు. మైకు ముందు కళ్లు మూసుకుని దేవుణ్ణి తలుచుకోనిదే గొంతు విప్పేవాడు కాదు. విప్పాక మాత్రం ఆ దేవుడితోనే పోట్లాడేవాడు. జనం అందుకే అతని పాటలకి చెవి కోసుకునేవాళ్లు.

కొత్త ఆల్బమ్ సగంలో ఉండగా భార్యకి ఊపిరితిత్తుల జబ్బు ముదిరింది. ఆసుపత్రిలో చేర్చారు. ఆమె లేచి తిరిగితే చాలు, ఇక నిన్ను పొగిడే పాటలే పాడతానని సామి దేవుడికి మొక్కుకున్నాడు. మిగతా సగం వాటితోనే నింపాడు.

"నా వేళ్లు కదలట్లేదురా ఈ పాటలకి," అంది బేస్ గిటార్ వాయించే అక్క. "తాళం బాగానే ఉంది. నువ్వే లేవు. ఎవరో భయపడ్డ మనిషి పాడుతున్నాడు."

"భయమే అక్కా. కానివ్వు."

మర్నాడు పాటలన్నీ ఫోన్‌లో వేసుకుని ఆసుపత్రికి వెళ్లాడు. ఆక్సిజన్ మాస్కు కదలకుండా భార్య చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టాడు. మొదటి సగం విన్నంతసేపూ దుప్పటి మీద ఆమె వేలు దరువేసింది. రెండో సగం మొదలవగానే ఆగిపోయింది.

మాస్కు పక్కకి లాగి, "ఇవెవరి కోసం?" అంది.

"నీ కోసమే."

"నా పేరు చెప్పి ఆయన్ని కాకా పడుతున్నావా?" ఆయాసపడుతూనే నవ్వింది. "తిట్టు. నాకూ తిట్టాలనే ఉంది, ఊపిరి చాలట్లేదు."

సామి తిన్నగా స్టూడియోకి వెళ్లాడు. "దాన్ని నాకొదిలెయ్, నీకేం తక్కువ" అన్న ఒక్క మాటే పట్టుకుని పాడాడు, అరిచాడు, బతిమాలాడు, మధ్యలో గొంతు పోయింది. సౌండ్ ఇంజనీరు రికార్డింగ్ ఆపబోతే వద్దని అక్క తల అడ్డంగా ఊపి, వాయిస్తూనే ఉంది.

అంతా అయ్యాక ఇంజనీరు మెల్లగా అడిగాడు. "అన్నా, ఇక ఆ మొక్కు పాటలు తీసేద్దామా?"

"తియ్యొద్దు. ఒకవేళ వాటికే కరుగుతాడేమో," అన్నాడు సామి.

కరగలేదు. ఆల్బమ్ బయటికి రాకముందే ఆమె పోయింది.

విన్నవాళ్లు సగం అదిరింది, సగం చప్పగా ఉందన్నారు. రేడియోలో ఇంటర్వ్యూ చేస్తున్న అమ్మాయి కూడా అదే అడిగింది. "అంత నీరసం పాటలు ఎందుకుంచారండీ?"

"అప్పటికి మా ఆవిడ బతికే ఉందమ్మా," అన్నాడు.

ఆ అమ్మాయి ఆల్బమ్‌లోంచి ఒక పాట వేసింది. సామి హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టి, పాట అయ్యేదాకా కూర్చోలేక బయటికి నడిచాడు.