శేషం వెయ్యి

తమిళనాడు కోవిల్‌పట్టిలో లెక్కల మాస్టరుగా చేసి రిటైరైన తిరుపతిసామిని ఒకనాడు భార్య బొమ్మక్క అడిగింది, ఇన్నేళ్లూ పిల్లలకు ఏం నేర్పారని. ఆమె అయిదో తరగతితో చదువు మాని అగ్గిపెట్టెల కంపెనీకి పోయిన మనిషి. ఆయన ప్రధాన సంఖ్య గురించి చెప్పాడు: ఒకటి, తాను తప్ప మరే సంఖ్యా శేషం మిగలకుండా భాగించలేనిది. ఆమె నోటికొచ్చిన ఎనిమిది అంకెలు చెప్పింది. 67880341. ఇది అట్లాంటిదేనా అంది.

తేలాలంటే దాని వర్గమూలం దాకా, అంటే 8238 లోపు ప్రధాన సంఖ్యలన్నిటితోనూ భాగించి చూడాలి. అవి వెయ్యికి పైనే. చేత్తోనే చేద్దామంది బొమ్మక్క. సగం ఆమె, సగం ఆయన. మధ్యలో ఆమె మూత్రపిండాలు చెడిపోయాయి. మదురై ఆసుపత్రిలో ఆమెకు డయాలసిస్ జరుగుతుంటే ఆయన వరండా బెంచీ మీద భాగహారాలు చేసేవాడు. అంతా పూర్తయిన నెలకు ఆమె పోయింది, తన సంఖ్య ప్రధాన సంఖ్యేనన్న నమ్మకంతో.

ఏడాది గడిచాక ఆయన ఆ నోటుబుక్కులు పట్టుకుని విరుదునగర్ బస్సెక్కాడు. అక్కడి కాలేజీలో గణితం చెప్పే బృంద ఆయన పాత శిష్యురాలు. బొమ్మక్క పేరుతో ఆ సంఖ్యను కాలేజీ గోడపత్రికలో వేయమని అడిగాడు. సంతోషంగా ఒప్పుకుని, వేసే ముందు ఒకసారి కంప్యూటరులో కొట్టి చూసింది బృంద. ఆ తర్వాత ఇంకోసారి కొట్టింది.

గదిలో ఉన్న విద్యార్థులను తమిళంలో ఏదో చెప్పి పంపేసి, తమ ఇళ్లల్లో మాట్లాడుకునే తెలుగులో అంది:

“సార్, 7193తో శేషం లేకుండా పోతాది.”

ఆయన నోటుబుక్కులో 7193 పేజీ తీశాడు. రాత ఆయనదే. తేదీ పక్కన మదురై అని ఉంది. బృంద ఒక్కో వరసా చూస్తూ వచ్చింది. 31433లోంచి 28772 తీసేస్తే 2661. ఆయన 2671 వేశాడు. దాంతో చివర సున్నా రావలసిన చోట వెయ్యి మిగిలింది.

“ఆమె లెక్కంతా నేను సరి చూస్తిని, తాయీ,” అన్నాడు నెమ్మదిగా. “నాది తాను చూస్తానని అడిగె. అవసరం లేదంటిని.”

ఆసుపత్రిలో కూర్చుంటే ఎవరి చెయ్యైనా తడబడుతుందని బృంద సర్దిచెప్పబోయింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. గోడపత్రికలో ఉన్నది ఉన్నట్టే వేయమన్నాడు: 67880341 అంటే 7193 ఇంటూ 9437. సంఖ్య బొమ్మక్కది, తప్పు తిరుపతిసామిది.

ఇంటికి వచ్చాక తన పేజీలన్నీ మొదటి నుంచి దిద్దుకోవడం మొదలుపెట్టాడు. నాలుగు నెలలు పట్టింది. ఇంకో రెండు తప్పులు దొరికాయి. వాటి వల్ల ఫలితం మారలేదు, అయినా ఎర్ర ఇంకుతో దిద్ది కింద సంతకం పెట్టాడు.