మూడో గదికి గుప్పెడు

హైదరాబాదు ల్యాబ్ నుంచి వచ్చిన కాగితం చూసి నాకు ఒళ్ళు మండింది. మూడు గదుల కోళ్ళకు మూడు రకాల మేత పెట్టించాను. రక్తపరీక్ష అంకెలేమో రెండో గదివేవో మూడో గదివేవో తెలియకుండా కలగాపులగంగా ఉన్నాయి. ల్యాబ్ వాళ్ళను తిట్టుకుంటూ ఏలూరులో పొద్దున్నే బస్సెక్కి పెదపాడు షెడ్డుకు వెళ్ళాను.

కోళ్ళ ఎదుగుదల మీద నా పరిశోధన. మొదటి గదికి సోయా చెక్క, కొల్లేటి ఎండుచేపల పొడి దండిగా కలిపిన మేత. రెండో గదికి అందులో సగం. మూడో గదికి నూకలు, తవుడు, మొక్కజొన్న, అంతే. మాంసకృత్తులు తగ్గితే ఎదుగుదల హార్మోన్లు ఏమవుతాయో చూడాలి. 2003 మే ఎండలకు మొదటి బ్యాచ్ మొత్తం చచ్చిపోయింది. యూనివర్సిటీ ఇంకొక్క ఏడాది గడువిచ్చి, ఇదే చివరిదంది. అది ఈ నెలతో అయిపోతుంది. థీసిస్ ఇవ్వకపోతే ఆరేళ్ళ చదువూ నీళ్ళపాలే.

షెడ్డులో మరియమ్మగారు మేత పెడుతున్నారు. అరవై ఏళ్ళ మనిషి. రెండు పూటలా మేత తూచి పెట్టేది ఆవిడే, నేను వారానికోసారి వచ్చి కోళ్ళను తూస్తాను. ఆవిడ నన్ను చూడలేదు. మొదటి గది మేతలోంచి గుప్పెడు తీసి, కళ్ళు మూసుకుని, పెదాలు కదిపి, మూడో గది తొట్టిలో పోశారు.

మా అమ్మ రోజూ ఎసట్లో బియ్యం పోసేముందు సరిగ్గా ఇదే చేస్తుంది. గుప్పెడు తీసి, ప్రార్థన చేసి, విడిగా కుండలో వేస్తుంది. ఆదివారం గుడికి పట్టుకెళ్తుంది, లేనివాళ్ళ కోసం. మా చర్చి ఆడవాళ్ళందరూ చేసేదే. పాస్టరుగారి మనవరాలిని, చిన్నప్పుడు నేనూ వేసినదాన్నే. అదే అలవాటున్న ఈవిడ చెయ్యి ఊరుకోదని నా బుర్రకు తట్టొద్దూ!

"ఎన్నాళ్ళ నుంచండీ ఇది?"

"పెర్సిసమ్మగారా! మొదటి రోజు నుంచేనండీ. ఆ గదిలోవి కడుపునిండా తింటుంటే, ఇవి వలలోంచి ముక్కులు పెట్టి చూస్తుంటాయండి. పూటకో గుప్పెడేనండి. తప్పాండీ?"

"నా థీసిస్ పోయిందండీ!" అని అరిచాను. ఏడుపొచ్చేసింది. మూడో గది కోళ్ళు ఇప్పటికీ గిడసబారే ఉన్నాయి. ఆ గుప్పెడు వాటిని బాగుచేయడానికి చాలలేదు, నన్ను ముంచడానికి మాత్రం సరిపోయింది.

ఆవిడ బెదిరిపోయి నేలమీద కూలబడ్డారు. "అసలు వీటిలో ఏం చూస్తున్నారండీ మీరు?"

కోపంగానే చెప్పాను. "తిండిలో మాంసకృత్తులు తగ్గితే ఎదుగుదల హార్మోను తగ్గదండీ, పెరుగుతుంది. ఎదుగు, ఎదుగు అని లోపల్నుంచి వస్తూనే ఉంటుంది. కాలేయం ఆ మాట అందుకోదు. అందుకే కోడి ఎదగదు. అది రుజువు చెయ్యాలి నేను."

మరియమ్మగారు నేలమీద పడ్డ మేత ఏరుతూ అన్నారు.

"మా పుష్పలత పదకొండో ఏట పోయిందండి. చూస్తే ఆరేళ్ళ పిల్లలా ఉండేది. పనుల్లేక గంజే పోశామండి దానికి. ఈ పిల్లకి ఎదుగుదల రాసిపెట్టలేదులే అనుకున్నాను ఇన్నాళ్ళూ." తలెత్తారు. "మనుషులక్కూడా అంతేనాండీ? ఎదుగుతానని లోపల అంటానే ఉందాండీ అది?"

కోళ్ళు వేరు, మనుషులు వేరు అని ఒక్క అబద్ధమాడితే సరిపోయేది. కోపంలో ఉన్నాను.

"అంతేనండీ" అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నన్ను నేను క్షమించుకోలేదు.

ఆ సాయంత్రం గైడుగారికి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. గడువు పొడిగించడం కుదరదన్నారు. కోళ్ళను అమ్మేసే దాకా మరియమ్మగారే మేత పెట్టారు, తూచింది తూచినట్టు. గుప్పెడు తియ్యడం మానేశారు.

"ఇప్పుడు పెట్టినా పర్వాలేదండీ" అన్నాను ఉండబట్టలేక.

"ఎందుకులెండి, చాలదు కదా" అన్నారు.